ఇరవై అంకెల సంఖ్య – ఒక్క గింజ విలువ

సంఖ్యలలో కొన్నింటికి పేర్లున్నాయి. పది, నూరు, లక్ష, కోటి మన వాడుకలో నిత్యం వినబడేవే. మరికొన్ని సంఖ్యలు ప్రత్యేకమైన పేరేదీ లేకుండానే దేశదేశాలలో ప్రసిద్ధికెక్కాయి. అటువంటి సంఖ్య ఒకదానిని ఈ వ్యాసంలో పాఠకమిత్రులకు పరిచయం చేయదలచాము. ఆ సంఖ్య ఇది:

1,84,46,74,40,73,70,95,51,615.

ఇందులో ఇరవై అంకెలున్నాయి. మన లెక్క ప్రకారం చదివితే ఒక లక్షా ఎనభైనాలుగు వేల నాలుగువందల అరవై ఏడు కోట్ల కోట్లు, ఆపైన నలభైనాలుగు లక్షల ఏడు వేల మూడువందల డెబ్బై కోట్లు, ఆపైన తొంభై ఐదు లక్షల యాభై ఒక్క వేల ఆరువందల పదిహేను. ఒకేసారి ఊపిరి తిప్పుకోకుండా చదవడం కూడా కష్టమే.

ఈ సంఖ్యను గురించి వ్రాయవలసిన అవసరం మాకు తరగతి గదిలో కలిగింది. గుణశ్రేఢి పాఠం జరుగుతుండగా చదరంగపు బల్ల కథ ప్రస్తావనకు వచ్చింది. జవాబు కోసం చేతిలోని టెలిఫోను యంత్రాన్ని అడిగాము. అది మొదటి కొన్ని అంకెలు మాత్రం చూపి, తక్కినదంతా పదికి 19వ ఘాతం అని సరిపెట్టింది. చివరి అంకెలు కావాలని కొందరము పట్టుబట్టాము. అప్పుడు మాలో ఒకరు, “ఇంత పెద్ద సంఖ్యలో చివరి అంకె ఏదైతేనేమి?” అని ప్రశ్నించారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి ఆనాడు మేము సరియైన సమాధానం చెప్పలేకపోయాము. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

చదరంగపు కథ

చదరంగం మన దేశంలో పుట్టిన ఆట. సంస్కృతంలోని చతురంగమే పారశీకంలో చత్రంగ్ అయి, అరబ్బీలో షత్రంజ్ అయింది. నేడు ఉర్దూ మాట్లాడే ఇండ్లలో శత్రంజ్ అని, తెలుగు ఇండ్లలో చదరంగం అని పిలిచేది ఆ ఒక్క ఆటనే. ఆటతోపాటు దానిని కనిపెట్టినవాని కథ కూడా దేశాలు దాటింది.

అరబ్బీ గ్రంథాలలోని ఆ కథ ప్రకారం, సిస్సా అనే మేధావి చదరంగాన్ని కనిపెట్టి హిందూదేశపు రాజు షిహ్రామ్‌కు సమర్పించాడు. రాజు సంతోషించి కోరిన బహుమానం ఇస్తానన్నాడు. సిస్సా అడిగినది చాలా స్వల్పంగా కనిపించింది. బల్ల మీది మొదటి గడికి ఒక గోధుమ గింజ, రెండవ గడికి రెండు, మూడవ గడికి నాలుగు, నాల్గవ గడికి ఎనిమిది, ఈ విధంగా గడిగడికీ రెట్టింపు చేస్తూ అరువది నాలుగు గళ్ళకూ గింజలు ఇప్పించమన్నాడు. ఇంత చిన్న కోరికా అని రాజు చిన్నబుచ్చుకున్నాడు. ఐతే లెక్క కట్టిన ఉద్యోగులు తిరిగివచ్చి, అంత ధాన్యం రాజ్యంలోనే కాదు, లోకంలోనే లేదని విన్నవించారు. ఆటను కల్పించిన తెలివికన్నా ఈ కోరికను కల్పించిన తెలివే గొప్పదని రాజు మెచ్చుకున్నాడట.

ఇది కథే గాని చరిత్ర కాదు. కాని ఇందులోని లెక్క మాత్రం అక్షరాలా నిజం. అరువది నాలుగు గళ్ళలోని గింజల మొత్తమే పైన వ్రాసిన ఇరవై అంకెల సంఖ్య. గ్రాముకు 25 గోధుమ గింజలు తూగుతాయని అనుకుంటే, ఆ ధాన్యం బరువు సుమారు 73,787 కోట్ల టన్నులు అవుతుంది. ఇటీవలి సంవత్సరాలలో ప్రపంచమంతటా పండే గోధుమలు ఏడాదికి సుమారు 80 కోట్ల టన్నులు. అనగా నేటి ప్రపంచం తొమ్మిది వందల సంవత్సరాలకు పైగా ఒక్క గింజ తినకుండా కూడబెడితే గాని సిస్సా ఋణం తీరదు.

సందేహించిన పండితుడు

ఈ కథను మనకందించిన వారిలో 1211 నుండి 1282 వరకు జీవించిన ఇబ్న్ ఖల్లికాన్ ఒకరు. ప్రసిద్ధ పురుషుల జీవితాలను సంకలనం చేసిన తన వఫయాతుల్ ఆయాన్ గ్రంథంలో, అబూ బక్ర్ అస్సూలీ అనే చదరంగ నిపుణుని గురించి వ్రాస్తూ ఆయన ఈ ముచ్చటను చెప్పారు. మాకు అన్నిటికన్నా నచ్చిన విషయం ఏమంటే, ఆయన దీనిని వినగానే నమ్మలేదు. ఇంత కొద్ది గింజలు రెట్టింపు అయినంత మాత్రాన లోకంలోని ధాన్యమంతా చాలకపోవడమేమిటని సందేహించారు. ఆ సందేహాన్ని దాచుకొనక గ్రంథంలోనే వ్రాసుకున్నారు.

పిదప అలెగ్జాండ్రియాకు చెందిన ఒక గణకుడు ఆయనకు కాగితం మీద లెక్క వేసి చూపించాడు. పదహారవ గడి వద్దకు వచ్చేసరికి 32,768 గింజలయ్యాయి. ఇది ఒక ఖదహ్ అనే కొలతకు సరిపోతుందని గణకుడు అన్నాడు. తాను కొలిచి చూడగా అది సరిపోయిందని కూడా ఆ గణకుడే చెప్పాడు. అక్కడి నుండి గింజలను లెక్కించడం మాని, కొలతలను రెట్టింపు చేస్తూ పోయారు. నలభైయవ గడి వద్ద ఒక ధాన్యాగారం నిండింది. యాభైయవ గడికి 1,024 ధాన్యాగారాలయ్యాయి. అన్ని ధాన్యాగారాలున్నదానిని ఒక పట్టణంగా భావిస్తే, అరువది నాల్గవ గడి ఒక్కదానికే 16,384 పట్టణాలు కావలసివచ్చాయి. అప్పుడు గాని ఆయన సందేహం తీరలేదు.

వినగానే నమ్మినవారు ఎందరో ఉండవచ్చు. వినగానే కొట్టిపారవేసినవారూ ఉండవచ్చు. లెక్క చూసి గాని నమ్మని పండితుడు మాత్రం మనకు ఆదర్శప్రాయుడు.

అల్ బెరూనీ చూపిన దగ్గరి దారి

ఇబ్న్ ఖల్లికాన్‌కు రెండు శతాబ్దాల ముందే, క్రీ.శ. 1000 ప్రాంతంలో, అల్ బెరూనీ ప్రాచీన జాతుల కాలగణనలను గురించి వ్రాసిన గ్రంథంలో ఈ మొత్తాన్ని చివరి అంకెతో సహా సాధించాడు. అరువది మూడుసార్లు రెట్టింపు చేసి, ఆ అరువది నాలుగు సంఖ్యలను కూడడం పెద్ద శ్రమ. ఎక్కడో ఒకచోట పొరపాటు దొర్లడానికి అవకాశం ఎక్కువ. అల్ బెరూనీ ఒక సులభమైన సూత్రాన్ని గమనించాడు. ఒక గడిలోని సంఖ్యను దానితోనే గుణిస్తే, మొదటి గడి నుండి ఈ గడి ఎంత దూరమో, ఈ గడి నుండి అంతే దూరంలో ఉన్న గడిలోని సంఖ్య వస్తుంది.

ఐదవ గడిలో 16 ఉన్నది. 16ను 16తో గుణిస్తే 256. ఇది తొమ్మిదవ గడి. 256 వర్గం 65,536. ఇది పదిహేడవ గడి. దాని వర్గం 4,29,49,67,296. ఇది ముప్పై మూడవ గడి. దాని వర్గం 1,84,46,74,40,73,70,95,51,616. ఇది అరువది ఐదవ గడి. కాని చదరంగపు బల్లకు అరువది ఐదవ గడి లేదు. ఆ లేని గడి నుండి ఒకటి తీసివేస్తే ఉన్న గళ్ళన్నింటి మొత్తం వస్తుంది. నాలుగే నాలుగు గుణకారాలు, ఒక తీసివేత. ఒక కాగితం ముక్క మీద మన విద్యార్థులు ఎవరైనా అరగంటలో చేయగలిగిన పని ఇది.

ఆ సంఖ్య ఎంతటిదో పాఠకులకు తెలియజెప్పడానికి అల్ బెరూనీ ఒక పోలిక కూడా ఇచ్చాడు. అన్ని నాణేలను సంచులకెత్తి, సంచులను కంచరగాడిదల మీద వేసి, ఆ గాడిదలను ఏరుల వెంట నడిపిస్తే, ఆ ఏరులు పుట్టడానికి 2,305 పర్వతాలు కావలసివస్తాయని లెక్క కట్టాడు.

తెలుగు పద్యంలో ఇరవై అంకెలు

ఇక మన భాషకు వద్దాము. మహావీరాచార్యుడు తొమ్మిదవ శతాబ్దిలో సంస్కృతంలో గణితసారసంగ్రహం రచించగా, దానిని తెలుగు చేసినవాడు పావులూరి మల్లన. తెలుగులో గణితశాస్త్రానికి ఆయనే ఆద్యుడని పేరు. ఆయన పేర ప్రచారంలో ఉన్న ఒక చంపకమాల పద్యంలో చదరంగపు గళ్ళ మొత్తం పూర్తిగా, ఇరవై అంకెలతో, ఒక్కటి కూడా తప్పకుండా నిక్షిప్తమై ఉంది.

అంకెలను పద్యంలో ఎట్లా ఇముడ్చుతారని పాఠకులు అడగవచ్చు. మన పూర్వులు ఇందుకు భూతసంఖ్యల పద్ధతిని వాడారు. చంద్రుడు ఒక్కడే గనుక చంద్రుని పేరు ఏదైనా ఒకటికి గుర్తు. కన్నులు రెండు. అగ్నులు మూడు. వేదాలు నాలుగు. మన్మథుని బాణాలు ఐదు. ఋతువులు ఆరు. కులపర్వతాలు ఏడు. దిగ్గజాలు ఎనిమిది. దేహరంధ్రాలు తొమ్మిది. ఆకాశం సున్న. ఈ పదాలకు పర్యాయపదాలు అనేకం ఉండడం వలన, ఛందస్సు కోరిన గణానికి తగిన పదాన్ని కవి ఎంచుకోగలుగుతాడు. చదివేటప్పుడు మొదటి పదాన్ని ఒకట్ల స్థానంలో, రెండవ పదాన్ని పదుల స్థానంలో, ఈ విధంగా కుడి నుండి ఎడమకు పేర్చాలి.

మన సంఖ్యలో నాలుగు అనే అంకె నాలుగు చోట్ల వస్తుంది. కవి ఒకచోట వేదాలను, రెండుచోట్ల సముద్రాన్ని, మరొకచోట బ్రహ్మ ముఖాలను చెప్పి పునరుక్తి లేకుండా సరిపెట్టాడు. ఇంకొక విశేషం కూడా ఇక్కడే గమనించవచ్చు. ఈ సంఖ్యలో సున్న నుండి తొమ్మిది వరకు అన్ని అంకెలూ ఉన్నాయి, ఒక్క రెండు తప్ప. అంతా రెండుతో గుణించగా పుట్టిన సంఖ్యలో రెండు అంకె లేకపోవడం కేవలం యాదృచ్ఛికమే గాని, ముచ్చటైన యాదృచ్ఛికం. ఆ పద్యంలో కన్నులకు చోటు లేదు.

అరబ్బీలో వ్రాసిన విద్వాంసుడు ఒకరు, తెలుగు పద్యం అల్లిన గణితవేత్త మరొకరు. ఇద్దరి లిపులు వేరు, ఎదురుగా ఉన్న పాఠకులు వేరు. అయినా చేరినది ఆ ఇరవై అంకెలకే. ఉర్దూ, తెలుగు రెండూ వినబడే మా వంటి కళాశాలకు ఇంతకన్నా సంతోషకరమైన విషయం ఏముంటుంది?

పద్యాన్ని ఎత్తి వ్రాసేటప్పుడు ఒక్క పదం మారితే సంఖ్య చెడిపోతుంది. దానిని పట్టుకోవడానికి తొమ్మిదుల పరీక్ష ఉపకరిస్తుంది. ఇరవై అంకెలను కూడితే 87. ఎనిమిదీ ఏడూ పదిహేను. ఒకటీ ఐదూ ఆరు. అనగా తొమ్మిదితో భాగిస్తే శేషం 6 రావాలి. మరొక వైపు నుండి చూద్దాము. రెండు ఘాతాలను తొమ్మిదితో భాగిస్తే వచ్చే శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని ఆరింటికొకసారి మళ్ళీ మళ్ళీ వస్తాయి. అరువది నాలుగులో పది ఆరులు పోగా నాలుగు మిగులుతుంది. నాల్గవ శేషం 7. అందులో ఒకటి తీస్తే 6. రెండు దారులూ ఒకేచోట కలిశాయి. సున్నకు బదులు తొమ్మిది, తొమ్మిదికి బదులు సున్న పడితే తప్ప, ఒక్క అంకెలో దొర్లిన ఏ తప్పునైనా ఈ పరీక్ష బయటపెడుతుంది.

ఒక గింజ తక్కువ

అరువది ఐదవ గడి నుండి ఒకటి ఎందుకు తీసివేయాలి? సూత్రం కంఠస్థం చేసినవారికి జవాబు తెలుసు. కాని సూత్రం లేకుండానే దీనిని కళ్ళతో చూడవచ్చు. మొదటి గడి పక్కన మన జేబులో నుండి ఒక గింజ అదనంగా పెడదాము. దానిని మొదటి గడిలోని గింజతో కలిపితే రెండు. అది రెండవ గడితో సమానం. ఆ రెండునూ రెండవ గడిలోని రెండింటితో కలిపితే నాలుగు. అది మూడవ గడితో సమానం. ఈ విధంగా కలుపుకుంటూ పోతే చివర అరువది నాల్గవ గడికి రెట్టింపు, అనగా అరువది ఐదవ గడికి సరిపడే గింజలు చేరతాయి. ఇందులో మనం పెట్టిన గింజను తిరిగి జేబులో వేసుకుంటే మిగిలినదే సిస్సాకు రావలసిన బహుమానం.

ఆ ఒక్క గింజ ఉన్నప్పటి సంఖ్యకు, తీసివేసిన తరువాతి సంఖ్యకు తూకంలో ఏ త్రాసూ భేదం చూపలేదు. కాని గణితదృష్టితో చూస్తే ఆ రెండూ పూర్తిగా వేరు స్వభావం కలవి. గింజ ఉన్నప్పటి సంఖ్య 616తో ముగుస్తుంది. దానిని నిశ్శేషంగా భాగించే ప్రధాన సంఖ్య రెండు ఒక్కటే. మూడు గాని, ఐదు గాని, మరేదైనా బేసి సంఖ్య గాని దానిని తాకలేవు. గింజ తీసివేయగానే 615తో ముగిసే సంఖ్య వస్తుంది. దానిని రెండు ఏ మాత్రం భాగించలేదు. దానికి బదులు ఏడు విభిన్న ప్రధాన సంఖ్యలు దానిలో నుండి బయటపడతాయి.

వాటిని ఎట్లా కనుగొనాలి? ఇరవై అంకెల సంఖ్యను వరుసగా 3తో, 5తో, 7తో భాగిస్తూ కూర్చోవలసిన పని లేదు. ఒక వర్గం నుండి ఒకటి తీసివేస్తే వచ్చేది రెండు సంఖ్యల లబ్ధం అని ఉన్నత పాఠశాలలోనే చదివాము. ఉదాహరణకు 16 వర్గం 256. అందులో నుండి ఒకటి తీస్తే 255. అది 15, 17ల లబ్ధం. అల్ బెరూనీ మెట్లు అన్నీ వర్గాలే గనుక, అదే మెట్ల మీదుగా క్రిందికి దిగివస్తే మన సంఖ్య ఈ విధంగా విడిపోతుంది:

3 × 5 × 17 × 257 × 65,537 × 4,29,49,67,297.

పాఠకులు ఎడమ నుండి గుణిస్తూ వెళ్ళి చూడవలెనని మా మనవి. 3ను 5తో గుణిస్తే 15. దానిని 17తో గుణిస్తే 255. దానిని 257తో గుణిస్తే 65,535. ప్రతి లబ్ధమూ తరువాతి కారణాంకం కన్నా సరిగ్గా రెండు తక్కువ. చివరి గుణకారంతో మన ఇరవై అంకెలూ తిరిగి వస్తాయి.

ఫెర్మా నమ్మకం, ఆయిలర్ పరీక్ష

పై ఆరు సంఖ్యలూ ఫ్రాన్సు దేశపు గణితవేత్త ఫెర్మా దృష్టిని ఆకర్షించాయి. ఆయన వృత్తిరీత్యా న్యాయశాస్త్రజ్ఞుడు. 3, 5, 17, 257, 65,537 ఇవి ఐదూ ప్రధాన సంఖ్యలే. కనుక ఈ వరుసలో వచ్చే సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని ఫెర్మా 1640లో మిత్రులకు వ్రాసిన లేఖలలో తన నమ్మకాన్ని ప్రకటించాడు. అంతటి మహామేధావి మాటను కాదనడానికి ఎవరికీ ఆధారం దొరకలేదు. ఆరవ సంఖ్య పది అంకెలది. దానిని పరీక్షించడం శ్రమతో కూడిన పని.

92 సంవత్సరాల తరువాత, 1732లో, ఆయిలర్ ఆ పనికి పూనుకొని ఫెర్మా నమ్మకం తప్పని చూపాడు. 4,29,49,67,297 ప్రధాన సంఖ్య కాదు. అది 641, 67,00,417 అనే రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం.

ఆయిలర్ గుడ్డిగా వెదకలేదు. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దానిని 64తో భాగిస్తే శేషం 1 రావలసి ఉంటుంది. ఈ నియమాన్ని ఆయన తరువాత నిరూపించాడు. ఈ నియమానికి లోబడే ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. ఐదవ ప్రయత్నంలోనే గురి తగిలింది. ఈ నియమంలోని 64 మన చదరంగపు 64 గళ్ళకు పరాయిది కాదు. రెండు 64వ ఘాతాన్ని 641తో భాగిస్తే శేషం 1 వస్తుంది. అంతకన్నా తక్కువ ఘాతం దేనికీ ఆ శేషం రాదు. ఆ కారణం చేతనే 641 నుండి ఒకటి తీస్తే వచ్చే 640లో అరువది నాలుగు పదిసార్లు ఇమిడి ఉంది.

641 భాగిస్తుందని భాగహారం చేయకుండానే నిరూపించే చక్కని ఉపాయం ఒకటి ఉన్నది. 640 అంటే 5 × 128. 641 అంటే 625 + 16. ఈ రెండు విషయాలు చాలు. 128 రెండు 7వ ఘాతం గనుక 640 నాల్గవ ఘాతం 625 × 2²⁸ అవుతుంది. ఇక 641ని 2²⁸తో గుణిస్తే, 641ని 625 + 16గా విడదీసినందువలన, 640⁴ + 2³² వస్తుంది. ఇది 641 గుణిజమే. మరొక వైపు 640⁴ − 1 కూడా 641 గుణిజమే. ఏలయనగా ఒక సంఖ్య నాల్గవ ఘాతం నుండి ఒకటి తీసివేస్తే, ఆ సంఖ్యకు ఒకటి కలుపగా వచ్చినది దానిని భాగిస్తుంది. రెండు గుణిజాల భేదమూ గుణిజమే. ఆ భేదం 2³² + 1, అనగా మన 4,29,49,67,297. నిరూపణ ముగిసింది.

కనుక చదరంగపు సంఖ్య పూర్తి విభజన ఇది: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏడు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండుసార్లు రాలేదు. ఒక్కొక్కదానిని తీసుకోవచ్చు లేదా విడిచిపెట్టవచ్చు. కాబట్టి ఈ సంఖ్యకు మొత్తం 128 భాజకాలున్నాయి. ఫెర్మా వరుసలో 65,537 తరువాత మరొక ప్రధాన సంఖ్య నేటి వరకు దొరకలేదు. 3ను సున్నవదిగా లెక్కిస్తే 5వది మొదలుకొని 32వది వరకు అన్నీ సంయుక్త సంఖ్యలేనని తేలింది.

సగం బల్ల, యువకుడైన గౌస్

ఇప్పుడు చదరంగపు బల్లను మధ్యగా రెండు భాగాలు చేద్దాము. మొదటి నాలుగు వరుసలలో 32 గళ్ళున్నాయి. వాటి మొత్తం 4,29,49,67,295. ఇది 3, 5, 17, 257, 65,537ల లబ్ధం. ఈ సంఖ్యకు రేఖాగణితంలో ఒక గౌరవస్థానం ఉంది.

వృత్తలేఖిని, గుర్తులు లేని కొలబద్ద ఈ రెండింటితో మాత్రమే సమబాహు త్రిభుజాన్ని, క్రమ పంచభుజిని గీయడం ప్రాచీన గ్రీకులకు తెలుసు. 17 భుజాల క్రమ బహుభుజిని అట్లా గీయవచ్చని 1796లో గౌస్ కనుగొన్నాడు. అప్పటికి ఆయనకు పంతొమ్మిదేండ్లు నిండలేదు, అనగా ఈ పత్రికను చదివే మన విద్యార్థుల వయస్సే. భుజాల సంఖ్య బేసి అయితే, అది వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధమైనప్పుడు మాత్రమే ఆ బహుభుజిని గీయవచ్చు. గీయవచ్చునన్న భాగాన్ని గౌస్ 1801లో ప్రకటించగా, మరే బేసి సంఖ్యకూ వీలుకాదన్న భాగాన్ని వాంట్జెల్ 1837లో నిరూపించాడు. తెలిసిన ఫెర్మా ప్రధాన సంఖ్యలు ఐదే గనుక, ఆ విధంగా గీయదగిన బహుభుజులలో నేటికి తెలిసిన అతి పెద్ద బేసి భుజసంఖ్య సగం చదరంగపు బల్ల మీది గింజల మొత్తమే.

మరొక చిన్న ముచ్చట. బల్ల మొత్తం కాక, మొదటి కొన్ని గళ్ళను మాత్రమే కూడితే కొన్నిసార్లు ప్రధాన సంఖ్యలు వస్తాయి. మొదటి రెండు గళ్ళ మొత్తం 3, మూడింటిది 7, ఐదింటిది 31, ఏడింటిది 127. అరువది నాలుగు గళ్ళ లోపల ఇటువంటి ఘట్టాలు తొమ్మిది: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61. వీటి జాబితాను 1644లో మెర్సెన్ ప్రకటించినప్పుడు 61వ గడిని విడిచిపెట్టాడు. ఆ లోపాన్ని 1883లో రష్యాకు చెందిన పెర్వూషిన్ సవరించాడు. పెద్దల జాబితా గనుక ప్రశ్నించరాదని అనుకుని ఉంటే ఆ లోపం అట్లాగే నిలిచి ఉండేది.

యంత్రంలోని చదరంగం

ప్రతి గడి ముందరి గళ్ళన్నింటి మొత్తం కన్నా ఒకటి ఎక్కువ. ఈ గుణం వలన ఒక సౌలభ్యం కలుగుతుంది. మన ఇరవై అంకెల సంఖ్య వరకు ఎన్ని గింజలు కావాలన్నా, కొన్ని గళ్ళను పూర్తిగా ఎత్తుకుంటే చాలు, ఏ గడినీ పగులగొట్టవలసిన పని లేదు. పైగా అట్లా ఎత్తుకోవడానికి ఒకే ఒక్క మార్గం ఉంటుంది. నూరు గింజలు కావాలంటే మూడవ, ఆరవ, ఏడవ గళ్ళు తీసుకోవాలి. 4, 32, 64 కలిపితే నూరు. మరో విధంగా కుదరదు.

ఎత్తిన గడికి 1, విడిచిన గడికి 0 అని గుర్తు పెడితే అదే ద్విసంఖ్యామానం. కంప్యూటర్ల లోపల జరిగే లెక్కకు ఇదే ఆధారం. నేడు వాడుకలో ఉన్న 64 స్థానాల యంత్రాలలో, ధన సంఖ్యలకు మాత్రమే కేటాయించిన ఒక గదిలో పట్టే అతి పెద్ద సంఖ్య మన చదరంగపు సంఖ్యే. అప్పుడు అరువది నాలుగు స్థానాలూ ఒకట్లతో నిండి ఉంటాయి. దానికి ఇంకొక్కటి కలిపితే అన్నీ సున్నలవుతాయి. గింజ ఒక్కటి అధికమైనంత మాత్రాన యంత్రం దృష్టిలో కొట్టు ఖాళీ అవుతుంది. చదరంగం ఆడే కంప్యూటర్లకు కూడా బల్ల మీద ఏ గళ్ళు నిండి ఉన్నాయో తెలిపేందుకు ఈ 64 స్థానాల సంఖ్యనే వాడుతుంటారు. ఆట నుండి పుట్టిన సంఖ్య ఈ విధంగా మళ్ళీ ఆటలోకే చేరింది.

ముగింపు

“ఇంత పెద్ద సంఖ్యలో చివరి అంకె ఏదైతేనేమి?” అన్న ప్రశ్నకు ఇక జవాబు చెప్పవచ్చు. బరువు కోసమైతే నిజంగానే చివరి అంకెతో పని లేదు. రాజుగారి కొట్టు చాలదని తెలుసుకోవడానికి మొదటి రెండు మూడు అంకెలు చాలు. కాని సంఖ్య స్వభావం తెలియాలంటే చివరి గింజ వరకు లెక్క తేలాలి. ఒక గింజ ఇటు అయితే ఏడు ప్రధాన సంఖ్యలు, ఆయిలర్ 641, గౌస్ బహుభుజులు. ఒక గింజ అటు అయితే రెండు తప్ప మరేమీ లేదు. ఉజ్జాయింపుగా చెప్పిన సంఖ్య నుండి ఈ విషయాలలో ఒక్కటి కూడా బయటపడదు.

ఈ కథలో మేము నేర్చుకున్నది మరొకటి ఉన్నది. ఇబ్న్ ఖల్లికాన్ లెక్క చూసిన తరువాతే నమ్మారు. ఆయిలర్ ఫెర్మా అంతటివాని మాటనైనా భాగించి చూశాడు. పెర్వూషిన్ రెండు శతాబ్దాల నాటి జాబితాను సరిదిద్దాడు. యంత్రం చెప్పినా, గ్రంథం చెప్పినా, గురువు చెప్పినా, లెక్కను గౌరవించే పద్ధతి దానిని సరిచూడడమే. కనుక ఈ వ్యాసంలోని అంకెలను సైతం మా మాట మీద నమ్మవద్దని పాఠకమిత్రులకు మనవి. ఒక కాగితం, ఒక పెన్సిలు తీసుకొని, 16తో మొదలుపెట్టి నాలుగు గుణకారాలు చేయండి. చివర ఒకటి తీసివేయడం మరచిపోకండి.